మైకు కన్నా ముందు జాబితా: మీ ఊళ్లో పసిపిల్లల టీకాలపై అవగాహన పెంచడం ఎలా?

ఏఎన్ఎంగా, అంటే ఊళ్లలో టీకాలు వేసే ప్రభుత్వ నర్సుగా, చేరిన కొత్తలో నాకు డప్పు చాటింపు మీద గట్టి నమ్మకం ఉండేది. మంగళవారం సాయంత్రం ఊరంతా చాటింపు వేయించి, బుధవారం పొద్దున్నే అంగన్వాడీ కేంద్రంలో టీకాల పెట్టె పెట్టుకుని కూర్చునేదాన్ని. ఒకసారి పదకొండు మంది పిల్లలు రావాల్సి ఉంటే ఒంటిగంట దాకా వచ్చింది నలుగురే. ఆ నలుగురూ చాటింపు లేకపోయినా వచ్చేవాళ్లే. మిగతా ఏడుగురి ఇళ్లకు ఆ మధ్యాహ్నం ఎండలో నడిచి వెళ్లాను. ఒకామె బిడ్డతో పుట్టింటికి పోయింది. రెండిళ్లవాళ్లు మిరపకోతకు పోయారు. ఒకరింట్లో కార్డు పోయింది, నేను తిడతానేమోనని దాక్కున్నారు. రెండిళ్లలో, పోయినసారి సూదికి బిడ్డ రాత్రంతా ఏడ్చిందని నాయనమ్మలు వద్దన్నారు. చివరింటి అమ్మాయికి మళ్లీ ఎప్పుడు రావాలో ఎవరూ చెప్పనే లేదు. టీకా అంటే పడనివాళ్లు ఆ ఏడుగురిలో ఒక్కరూ లేరు.

ఆ రోజు నుంచి నా పని తీరే మారిపోయింది. పిల్లల పేర్లు రాసుకోవడం, ఏ పేరు ఎందుకు మిగిలిపోయిందో కనుక్కోవడం, ఆ కారణానికి తగ్గ మాటను ఆ ఇంట్లో చెల్లుబాటయ్యే మనిషితో చెప్పించడం. రిటైరయ్యాక యువజన సంఘాల పిల్లలకు, పొదుపు సంఘాల అక్కలకు నేను నేర్పుతున్నది కూడా ఇదే. ఊరైనా, తండా అయినా, హైదరాబాద్‌లో బస్తీ అయినా, విజయవాడలో అపార్ట్‌మెంట్ అయినా పద్ధతి ఒకటే. మీకు డాక్టరు చదువు అక్కర్లేదు. ఓపిక ఉండాలి, ఒక నోటు పుస్తకం ఉండాలి, వారానికి రెండు సాయంత్రాలు తీరిక ఉండాలి.

మొదటి అడుగు: ముందు మీరు నేర్చుకోండి

ఒక తల్లి అడిగిన ప్రశ్నకు మీరు తడబడితే ఆ వీధి మొత్తం మీ మాట వినదు. అందుకే ఒక వారం దీనికే కేటాయించండి. మీ ఏఎన్ఎం దగ్గర కూర్చుని మాతా శిశు సంరక్షణ కార్డు చదవడం నేర్చుకోండి.

మన దేశంలో పిల్లల టీకా కార్యక్రమం 1978లో మొదలైంది, 1985 నుంచి సార్వత్రిక టీకా కార్యక్రమంగా నడుస్తోంది. అందులో పసిపిల్లలకు 12 జబ్బులకు టీకాలు ఉచితం. పిల్లల్లో వచ్చే తీవ్రమైన క్షయ, పోలియో, హెపటైటిస్ బి, కంఠసర్పి (డిఫ్తీరియా), కోరింత దగ్గు, ధనుర్వాతం, హిబ్ అనే బాక్టీరియా తెచ్చే జబ్బు (న్యుమోనియా, మెదడు పొరల వాపు), న్యుమోకోకస్ వల్ల వచ్చే న్యుమోనియా, రోటా వైరస్ విరేచనాలు, తట్టు, రుబెల్లా. పన్నెండోది జపనీస్ మెదడువాపు, ఆ టీకా ముప్పున్న జిల్లాల్లో మాత్రమే వేస్తారు. మీ జిల్లాలో ఉందో లేదో ఏఎన్ఎంనే అడగండి.

వారాల లెక్క తల్లులకు గుర్తుండదు. మేం ఎప్పుడూ నెలల్లోనే చెప్పేవాళ్లం: పుట్టగానే, నెలన్నరకు, రెండున్నరకు, మూడున్నరకు, తొమ్మిది నిండాక, ఏడాదిన్నరకు, ఐదేళ్లకు, పదేళ్లకు, పదహారేళ్లకు.

పుట్టగానే క్షయకు బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి సూది. చివరిది 24 గంటల్లోపే పడాలి. తల్లికి ఆ వైరస్ ఉంటే కాన్పు సమయంలో బిడ్డకు అంటుకోవచ్చు, అలా అంటుకున్న పసివాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది కాలేయంలో అది శాశ్వతంగా తిష్ఠ వేస్తుంది. నెలన్నర, రెండున్నర, మూడున్నర నెలలకు ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ సూది, పోలియో చుక్కలు, రోటా మందు. ఈ మూడింట్లో మొదటిసారీ చివరిసారీ న్యుమోనియా టీకా పీసీవీ, చేతికి పోలియో సూది అదనం. తొమ్మిది నెలలు నిండాక తట్టు, రుబెల్లాలకు కలిపి వేసే ఎంఆర్ టీకా, పీసీవీ బూస్టర్, 2023 నుంచి కొత్తగా చేరిన మూడో పోలియో సూది, విటమిన్ ఎ ద్రావణం. ఏడాదిన్నర అటూ ఇటూగా, అంటే 16 నుంచి 24 నెలల మధ్య, ఎంఆర్ రెండో డోసు, కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాలకు కలిపి వేసే డీపీటీ బూస్టర్, పోలియో చుక్కలు. ఐదేళ్లు దాటాక డీపీటీ రెండో బూస్టర్. పది, పదహారేళ్లకు ధనుర్వాతం, కంఠసర్పిలకు వేసే టీడీ.

‘ఒకసారి వేశారుగా, మళ్లీ మళ్లీ ఎందుకు?’ అని తప్పకుండా అడుగుతారు. నేను పలక సంగతి చెబుతాను. ‘అ’ ఒకసారి దిద్దిస్తే బిడ్డకు వస్తుందా? నాలుగుసార్లు దిద్దితేనే చేతికి అలవాటవుతుంది. ఒంట్లో రోగనిరోధక శక్తి కూడా శత్రువును అలా దిద్ది దిద్దే గుర్తు పెట్టుకుంటుంది. తట్టు టీకా మొదట్లోనే ఎందుకు వేయరంటే, తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు చేరిన రక్షణ కొన్ని నెలలు ఒంట్లో ఉంటుంది. అది ఉండగా వేస్తే టీకా సరిగా పట్టదు.

ఆలస్యమైన పిల్లల సంగతి కూడా తెలిసి ఉండాలి. డోసు తప్పితే మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు, ఆగిన చోటి నుంచి కొనసాగిస్తారు. బీసీజీ ఏడాది లోపు వేయవచ్చు, పెంటావాలెంట్ మొదటి డోసు ఏడాది లోపు మొదలవ్వాలి, ఎంఆర్ ఐదేళ్ల దాకా వేస్తారు, డీపీటీ ఏడేళ్ల దాకా. ‘ఇంక టైమైపోయింది’ అని ఇంట్లో వదిలేసిన బిడ్డకు ఈ ఒక్క మాట ఎంతో మేలు చేస్తుంది.

రెండో అడుగు: పేర్ల జాబితా

మైకు, బ్యానరు, ర్యాలీ అన్నీ దీని తర్వాతే. ఆశా కార్యకర్త దగ్గర డ్యూ లిస్టు, అంటే టీకా పడాల్సిన పిల్లల జాబితా ఉంటుంది. దాన్ని అడిగి తీసుకోండి, కానీ దాంతోనే ఆగకండి. ఆ జాబితాలో లేని పిల్లలే మనకు ముఖ్యం.

మిగిలిపోయిన పిల్లలు రెండు రకాలు. అసలు ఒక్క సూదీ పడనివాళ్లు కొందరు, మొదలుపెట్టి మధ్యలో ఆపేసినవాళ్లు కొందరు. వీళ్లని కలిపి రాయకండి, ఎర్ర పెన్నుతో ఒకరిని, నీలం పెన్నుతో ఇంకొకరిని రాయండి. మొదటి రకం ఇళ్లకు వ్యవస్థ చేరనే లేదు. రెండో రకం ఇళ్లకు చేరింది, ఏదో ఒకటి మనసు విరిచింది. రెండిళ్లకూ ఒకే మాట పట్టుకెళ్తే ఒక్కింట్లోనూ పని జరగదు.

ఎక్కడ వెతకాలో నా అనుభవంతో చెబుతాను. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన అమ్మాయిలు. మూడో నెలో ఐదో నెలో అత్తారింటికి వెళ్తారు. పుట్టింటి ఏఎన్ఎం ‘వెళ్లిపోయింది’ అని రాస్తుంది, అత్తింటి ఏఎన్ఎం రిజిస్టర్‌లో పేరే ఉండదు, కార్డేమో పుట్టింట్లో బీరువాలో ఉంటుంది. నా లెక్కలో ఎక్కువమంది పిల్లలు జారిపోయేది ఈ సందులోనే. ఆ తర్వాత ఇటుక బట్టీలు. ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు ఊరి పొలిమేరలో గుడిసెలేసుకుని ఆరేడు నెలలుంటాయి, ఊరి లెక్కలో వాళ్లు ఉండరు. గుంటూరు, ఖమ్మం వైపు మిరపకోతల కాలంలో ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చేవాళ్లు, పట్నాల్లో కట్టుబడిలో ఉన్న అపార్ట్‌మెంట్ల కింద రేకుల షెడ్లలో ఉండేవాళ్లు, సంచార కులాల గుడారాలు. వీటితో పాటు మీరు ఊహించని చోటు ఇంకొకటుంది. పెద్ద గేటెడ్ కమ్యూనిటీలు. అక్కడ ‘మా పిల్లల డాక్టరు చూసుకుంటాడు’ అంటారు, ఏడాదిన్నర బూస్టరు ఇద్దరూ మర్చిపోతారు.

ఇంటింటికీ వెళ్లినప్పుడు ‘టీకాలన్నీ వేయించారా?’ అని అడగకండి. ఎవరైనా ‘ఆ, వేయించాం’ అనే అంటారు. ‘కార్డు ఒకసారి చూపిస్తారా అమ్మా’ అనండి. కార్డులో తేదీ లేని గడి చూడండి. కార్డు పోతే కంగారు పడొద్దని చెప్పండి, రిజిస్టర్‌లోంచి తిరిగి రాసిస్తారు. ఇప్పుడు యూవిన్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ టీకా పోర్టల్‌లో నమోదైన బిడ్డకు దేశంలో ఎక్కడైనా తర్వాతి డోసు వేయించుకోవచ్చు. పుట్టింటికీ అత్తింటికీ మధ్య తిరిగే తల్లులకూ, వలస కూలీలకూ ఇది పెద్ద ఊరట. నమోదు చేయించడంలో సాయపడండి. ఫోన్ నంబరు మారితే ఆ కొత్త నంబరు ఎక్కించడం కూడా మీ పనే అనుకోండి.

మూడో అడుగు: ఎందుకు రాలేదో వినండి

ఈ అడుగులో తొందరపడ్డవాళ్లు మళ్లీ మొదటికి వస్తారు. నేనూ పడ్డాను.

ఒక పెద్దావిడ, మనవరాలికి నెలన్నర సూది తర్వాత రెండున్నరకు తీసుకురాలేదు. వెళ్లాను. వాకిట్లో చింతపండు ఒలుస్తోంది.

‘ఏం పెద్దమ్మా, చంటిదాన్ని తీసుకురాలేదే?’

‘తెచ్చి ఏం చెయ్యాలి? నువ్వు పొడిచిన సూదికి పిల్ల తొడ రాయిలా గడ్డ కట్టింది. రెండు రాత్రులు కంటి మీద కునుకు లేదు. మావాడు లారీ మీద పోతాడు, కోడలు పచ్చి బాలింత. ఎవరు చూసుకోవాలి?’

నేను కంఠసర్పి గురించి మొదలుపెట్టాను. ఆవిడ చింతపండు ఒలుస్తూనే ఉంది. నా వైపు చూడలేదు. కాసేపటికి నాకే అనిపించి ఆపేశాను.

‘ఆ రెండు రాత్రులూ బిడ్డను ఎవరు ఎత్తుకున్నారు?’ అన్నాను.

‘ఇంకెవరు, నేనే.’

‘అయితే మీరు కోప్పడటం న్యాయమే పెద్దమ్మా. జ్వరం వస్తుందని, సూది పడిన చోట గట్టిపడుతుందని, అది రెండు మూడు రోజుల్లో తగ్గుతుందని నేను ఆ రోజే చెప్పాల్సింది. చెప్పలేదు. తప్పు నాది.’

అప్పుడు తలెత్తింది. చేతులు కడుక్కొచ్చి మంచం వాల్చింది. ఆ శనివారం మనవరాలిని తనే ఎత్తుకొచ్చింది, పక్కింటి బిడ్డనూ తీసుకొచ్చింది.

పెంటావాలెంట్‌లో కోరింత దగ్గు భాగం వల్ల జ్వరం, నొప్పి, గట్టిపడటం మామూలే. ‘ప్రైవేటులో వేస్తే జ్వరం రాదంట కదా’ అంటారు. నిజమే, అక్కడ దొరికే ఒక రకం టీకాతో జ్వరం తక్కువ. కానీ డబ్బు పెట్టలేని తల్లి తన బిడ్డకు తక్కువరకం మందు పడుతోందని బాధపడకూడదు. ఉచితంగా వేసేది కూడా ఆ జబ్బును బాగా అడ్డుకునేదే అని ధైర్యంగా చెప్పండి.

మిగతా కారణాలు కూడా వింటారు. కూలి పోతుందన్న మాట వినగానే ‘బిడ్డ కన్నా కూలి ముఖ్యమా’ అనే మాట నోట రానీయకండి. ఆ రోజు పనికి వెళ్తేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. పొద్దున ఏడుకే వేసేలా, లేదా సాయంత్రం ఒక గంట అదనంగా ఉండేలా ఏఎన్ఎంతో మాట్లాడండి. బిడ్డకు జలుబుంది, కాస్త ఒళ్లు వెచ్చగా ఉంది అంటారు. చిన్నపాటి జలుబు, దగ్గు, కొద్దిపాటి విరేచనాలకు టీకా ఆపాల్సిన పని లేదు. ఒకేరోజు మూడు సూదులా అని భయపడతారు. వేయవచ్చు, అలవాటుగా వేస్తున్నదే. అమావాస్య, మంగళవారం వద్దంటే వాదించకండి. మన దగ్గర టీకాలు బుధ, శనివారాల్లోనే ఎలాగూ.

తట్టు విషయంలో మాత్రం నోరు జాగ్రత్త. చాలా ఇళ్లలో అది జబ్బు కాదు, అమ్మవారు. ‘మూఢనమ్మకం’ అన్నారంటే ఆ గడప మళ్లీ తొక్కలేరు. నేను ఇలా అంటాను: ‘మొక్కు మొక్కుకోండి, వేపాకు కట్టుకోండి. సూది కూడా వేయించండి.’ తర్వాత ఆ ఇంటి పెద్దావిడ చేతిని పట్టుకుని చూస్తాను. అరవై దగ్గరపడ్డవాళ్ల చేతిమీద గుండ్రటి మచ్చ ఉంటుంది. ‘ఇదెక్కడిది పెద్దమ్మా?’ అంటే, చిన్నప్పుడు మశూచికి వేసిన టీకా మచ్చ అని ఆమే చెబుతుంది. ‘మరి ఆ పెద్దమ్మవారు ఇప్పుడెందుకు రావట్లేదు?’ మన దేశంలో చివరి మశూచి కేసు 1975లో. 1980లో ప్రపంచమంతటా పోయిందని ప్రకటించారు. ఆ మచ్చ ఉన్న చేత్తోనే ఆమె మనవడిని ఎత్తుకుని ఉంటుంది. నేను ఇంతకన్నా ఎక్కువ మాట్లాడాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

నాలుగో అడుగు: ఎవరి నోట చెప్పించాలి?

మీరు చెబితే విననివాళ్లు ఎవరి మాట వింటారో కనిపెట్టండి. బిడ్డకు ఒళ్లు వెచ్చబడితే ఊళ్లో మొదట వెళ్లేది ఆర్ఎంపీ దగ్గరికి. ఆయన ‘టీకా తర్వాత జ్వరం మామూలే’ అంటే సగం పని అయినట్టే. ‘ఎందుకు వేయించారు’ అన్నాడంటే మీ ఆర్నెల్ల శ్రమ గాలికి పోతుంది. అందుకే ముందు ఆయన్ను కలవండి, గౌరవంగా మాట్లాడండి.

మసీదు మైకులో మౌల్వీగారు, ఆదివారం ప్రార్థన తర్వాత పాస్టరుగారు, గుడి అరుగు మీద పూజారిగారు ఒక్కొక్క నిమిషం చెబితే చాలు. పోలియో రోజుల్లో దేశమంతటా ఇలాంటి పెద్దలే అనుమానాలు తీర్చారు.

మా దగ్గరి ఊళ్లో ఒక టైలరు ఉండేవాడు. చిన్నప్పుడు పోలియో వచ్చి కుడికాలు సన్నబడిపోయింది. కుట్టుమిషను తొక్కడం కూడా ఎడమకాలితోనే. మాట్లాడమంటే మొదట ఒప్పుకోలేదు. నా కాలు చూపించి భయపెట్టాలా అన్నాడు. ఆ మాటలో న్యాయముంది, నేను మళ్లీ అడగలేదు. నెల తర్వాత తనే వచ్చి, దుకాణానికి రవికెలు కుట్టించుకోను వచ్చే ఆడవాళ్లతో నేనే చెబుతాలే అన్నాడు. కొలతలు తీసుకుంటూ, ‘చంటిదానికి మూడున్నర సూది అయిందా చెల్లెమ్మా’ అని అడిగేవాడు. మా సభలన్నింటికన్నా ఆ దుకాణం ఎక్కువ పని చేసింది. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న, పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో నమోదైంది. 2014 మార్చి 27న పోలియో లేని దేశంగా ధ్రువీకరించారు. ఇప్పటి తల్లుల్లో చాలామంది పోలియో బిడ్డను చూసి ఉండరు. చూడని జబ్బుకు భయం ఉండదు, చూసిన జ్వరానికి ఉంటుంది. చూసినవాళ్ల మాట అందుకే కావాలి.

తండ్రులను వదిలేయకండి. సాయంత్రం టీ కొట్టు దగ్గర, కల్లు దుకాణం దారిలో, ఆటో స్టాండ్‌లో దొరుకుతారు. వాళ్లకు పెద్ద ఉపన్యాసం వద్దు. ‘మీ పాపకు తొమ్మిది నెలల సూది ఎప్పుడో తెలుసా అన్నా?’ అన్న ప్రశ్న చాలు. తెలియకపోతే ఇంటికెళ్లి అడుగుతాడు.

ఐదో అడుగు: వేడుకలకు ముడిపెట్టండి

క్యాలెండరు తేదీ కంటే ఇంట్లో వేడుక బాగా గుర్తుంటుంది. సీమంతానికి వెళ్తే గర్భిణికి టీడీ పడిందా అని అడగండి. ఇరవై ఒకటో రోజు ఊయల వేడుకలో ‘ఇంకో మూడు వారాలకు నెలన్నర సూది’ అని తల్లికీ నాయనమ్మకూ చెప్పండి. పుట్టువెంట్రుకల మొక్కు, మొదటి పుట్టినరోజు అనుకునేటప్పుడు తొమ్మిది నెలల టీకా అయిందేమో చూడమనండి. అక్షరాభ్యాసానికి, బడిలో చేర్పించడానికి డీపీటీ బూస్టరు. ఐదో తరగతి, పదో తరగతి టీచర్లకు టీడీ గుర్తుచేయండి.

ఊయల వేడుకలో పాట పాడే ముత్తయిదువలకు నాలుగు చరణాలు కట్టిచ్చిన అక్కలున్నారు. మీ ఊరి యాసలో కట్టుకోండి. బయటినుంచి అచ్చువేసి తెచ్చిన పోస్టరు గోడమీద ఉండిపోతుంది, పాట ఇంట్లోకి వెళ్తుంది.

ఆరో అడుగు: అబద్ధం ఆడకండి, దాచకండి

టీకాల గురించి చెడ్డ సంగతులు జనానికి తెలుసు. మనం తెలియనట్టు నటిస్తే నమ్మకం పోతుంది.

2019 మార్చిలో హైదరాబాద్‌లోని ఒక ఆరోగ్య కేంద్రంలో టీకా వేయించుకున్న పసిపిల్లలకు, జ్వరానికి ఇచ్చే పారాసిటమాల్ బదులు ట్రమడాల్ అనే నొప్పి మాత్ర ఇచ్చారు. పిల్లలు నీలోఫర్ ఆసుపత్రి పాలయ్యారు, పసిప్రాణాలు పోయాయి. ఎవరైనా దీన్ని ఎత్తితే మాట దాటవేయకండి. జరిగిందనండి, ఘోరమనండి. కారణం టీకా కాదు, తప్పు మాత్ర అని చెప్పండి. వెంటనే ఆ తల్లికి ఒక హక్కు నేర్పండి: మాత్ర ఇచ్చేటప్పుడు అట్ట మీద పేరు చదివి వినిపించమని అడగాలి. నేను రిటైరయ్యేదాకా ప్రతి తల్లి ముందూ పేరు పైకి చదివే ఇచ్చాను.

ఇంకొకటి 2009 నాటిది. అప్పటి ఉమ్మడి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసి చూసే అధ్యయనం జరిగింది. తర్వాత కొందరు బాలికలు చనిపోయారని తెలిసి 2010లో ఆపేశారు. విచారణలో ఆ మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదు. కానీ హాస్టళ్లలో తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టిన సంగతి బయటపడింది. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో తీవ్రంగా తప్పుపట్టింది. ఆ వైపు పల్లెల్లో ఈ జ్ఞాపకం ఇంకా పచ్చిగానే ఉంది. అందుకే నా దగ్గర ఈ పని నేర్చుకునే యువజన సంఘాల పిల్లలకు ఒకటే చెబుతాను. అమ్మానాన్నలను ఒప్పించకుండా ఏ బిడ్డనూ బడి నుంచో అంగన్వాడీ నుంచో లాక్కురావద్దు. మీ లెక్కలో ఒక టిక్కు పెరుగుతుంది, ఊరి నమ్మకం పదేళ్లు వెనక్కి పోతుంది.

చదువుకున్న ఇళ్లలో వాట్సాప్ భయాలు వేరు. ఆటిజం వస్తుందని అంటారు. 1998లో బ్రిటన్‌లో వచ్చిన ఒక పరిశోధనా పత్రంతో ఆ మాట పుట్టింది. ఆ పత్రాన్ని 2010లో పత్రికే ఉపసంహరించుకుంది, రాసిన డాక్టరు వైద్యుల రిజిస్టర్ నుంచే తొలగింపుకు గురయ్యాడు. అది చెప్పండి చాలు, గ్రూపులో గంటల తరబడి గొడవపడకండి. ఆ తల్లికి విడిగా ఫోన్ చేయండి. ‘ఎక్కడో తయారైన మందు మనమీద ప్రయోగిస్తున్నారు’ అనేవాళ్లకు మాత్రం నేను కాస్త గర్వంగానే జవాబిస్తాను. దేశీయంగా తయారైన తొలి రీకాంబినెంట్ (జన్యు ఇంజనీరింగ్‌తో చేసిన) హెపటైటిస్ బి టీకా 1997లో వచ్చింది హైదరాబాద్ నుంచే, శాంతా బయోటెక్నిక్స్ నుంచి. రోటావ్యాక్ కూడా హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్‌దే. 2016లో రోటా టీకా మొదలుపెట్టిన తొలి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

‘జబ్బులే లేవు కదా ఇప్పుడు’ అనేవాళ్లు హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి పేరు విన్నవాళ్లే. పెద్దవాళ్లు కోరంటి దవాఖాన అంటారు. కంఠసర్పి బిడ్డలు గొంతులో తెల్లపొర కట్టి, ఊపిరాడక ఇప్పటికీ అక్కడికి వస్తూనే ఉన్నారు. 2016లో హైదరాబాద్ మురుగునీటి నమూనాలో, పోలియో చుక్కల్లోని బలహీనపరచిన వైరస్ నుంచి మారిన పోలియో వైరస్ కనబడింది. ఏ బిడ్డకూ జబ్బు రాలేదు, అయినా లక్షల మంది పిల్లలకు ప్రత్యేకంగా పోలియో సూది వేశారు. తట్టు సంగతి సరేసరి. ఒక్కరికొస్తే టీకా పడని 12 నుంచి 18 మందికి అంటించగలదు, దగ్గిన గదిలో గాలిలో రెండు గంటలదాకా ఉండగలదు. దాన్ని ఆపాలంటే నూటికి 95 మందికి రెండు డోసులూ పడాలి. మీ ఊళ్లో నలభైమంది పసిపిల్లలుంటే, ఇద్దరికి మించి తప్పిపోకూడదన్నమాట.

ఏడో అడుగు: టీకా రోజు

ముందురోజు సాయంత్రం ఇంటికెళ్లి పిలవండి, పొద్దున ఒకసారి ఫోన్ చేయండి. కేంద్రం దగ్గర నీడ, తాగునీళ్లు, నాయనమ్మలకు కుర్చీలు, పాలిచ్చే తల్లులకు ఒక చాటు ఉండేలా చూడండి. ఎండలో పసిబిడ్డతో నిలబెట్టిన చోటికి రెండోసారి ఎవరూ రారు.

తల్లులను దగ్గరగా రానిచ్చి చూపించండి. టీకా సీసా మీద చిన్న గుర్తుంటుంది, వలయంలో చదరం. లోపలి చదరం బయటి వలయం కన్నా లేతగా ఉంటేనే మందు వాడాలి. సమానమైనా ముదిరినా పక్కన పెట్టేయాలి. సిరంజి ప్యాకెట్టు తల్లి కళ్లముందే చింపాలి. అది ఒకసారి వాడితే లాక్ అయిపోయే రకం, రెండోసారి పనిచేయదు. ఎంఆర్, బీసీజీ సీసాలు కలిపాక నాలుగు గంటలు దాటితే పారేయాలి, అందుకే కలిపిన సమయం సీసా మీద రాసి ఉంటుంది. ఇదంతా చూసిన తల్లి వీధిలో మీ తరఫున సాక్ష్యం చెబుతుంది.

సూది అయ్యాక ఏఎన్ఎం నాలుగు మాటలు చెప్పాలి: ఒకటి, ఏ టీకా దేనికి వేశాం; రెండు, మళ్లీ ఎప్పుడు రావాలి; మూడు, ఏమి రావచ్చు, వస్తే ఏం చేయాలి; నాలుగు, కార్డు భద్రం. రద్దీలో మూడోది తరచూ ఎగిరిపోతుంది. మీరు ఆ మూడో మాట బాధ్యత తీసుకోండి. అరగంట కూర్చోబెట్టే సమయంలోనే చెప్పండి. జ్వరం వస్తే ఏఎన్ఎం చెప్పిన మోతాదులో పారాసిటమాల్, తల్లిపాలు ఎక్కువసార్లు. వాచిన చోట చల్లటి తడిగుడ్డ. పసుపు, సున్నం, ఆముదం రాయకూడదు, పిసకకూడదు. బీసీజీ వేసిన చోట కొన్ని వారాలకు పొక్కులా లేచి, పుండై, మచ్చ పడుతుంది. అది టీకా పట్టిందనడానికి గుర్తు, గిల్లకూడదు. ఫిట్స్, మూడు గంటలకు పైగా ఆగని ఏడుపు, ఊపిరి ఇబ్బంది, బిడ్డ వాలిపోవడం ఉంటే ఆగకుండా 108కి ఫోన్.

ఎనిమిదో అడుగు: ఆ రాత్రి ఫోన్

ఇది ఎవరూ చేయరు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. టీకా రోజు రాత్రి ఎనిమిదికి, మర్నాడు పొద్దున ప్రతి తల్లికీ ఫోన్ చేయండి. ‘బిడ్డ ఎలా ఉంది? పాలు తాగుతోందా?’ అన్నంత మాటే. జ్వరం వచ్చిన ఇంటికి నడిచి వెళ్లండి. ఏడుస్తున్న బిడ్డను పదినిమిషాలు మీరు ఎత్తుకుంటే, ఆ నాయనమ్మ తర్వాతి డోసు తప్పించదు.

నిజంగా ఏదైనా తీవ్రంగా జరిగితే ఆసుపత్రికి మీరూ వెంట వెళ్లండి, ఏఎన్ఎంకూ మెడికల్ ఆఫీసరుకూ వెంటనే చెప్పండి. ఆ ఇంటివాళ్లతో మాట్లాడటం ఆపకండి. మీరు మాయమైతే ఊళ్లో మీ బదులు పుకారు మాట్లాడుతుంది.

తొమ్మిదో అడుగు: లెక్క చూసుకోవడం

ఎన్ని సభలు పెట్టాం, ఎంతమంది వచ్చారు అన్నది లెక్క కాదు. మూడు అంకెలు చాలు. మొదటి పెంటా పడినవాళ్లెందరు, మూడో పెంటా పడినవాళ్లెందరు, రెండో ఎంఆర్ పడినవాళ్లెందరు. మొదటికీ మూడోదానికీ మధ్య తేడా ఎక్కువుంటే జ్వరం భయం మీదే పని చేయాలి. మూడోదానికీ రెండో ఎంఆర్‌కీ మధ్య జారుతుంటే, ఏడాది దాటాక అందరూ మర్చిపోతున్నారన్నమాట. అక్కడ వేడుకల క్యాలెండరు, తండ్రులు, బడి పనికొస్తాయి.

మూడు నెలలకోసారి ఎర్ర పెన్ను, నీలం పెన్ను పేర్లు కొత్త పేజీలో మళ్లీ రాయండి. వలస వెళ్లినవాళ్ల పక్కన వెళ్లిన ఊరి పేరు, ఫోన్ నంబరు రాసి, అక్కడి ఆశాకు ఒక ఫోన్ చేయండి. పొలిమేర బట్టీ దగ్గర కొత్త గుడిసె వెలిసిందేమో చూసి రండి. ఆ పేజీ అడుగున నాలుగు గీతలు ఖాళీ వదలండి. వచ్చే నెలలో కాన్పుకు పుట్టింటికి వస్తున్న అమ్మాయిల పేర్లు అక్కడ రాయాలి.